నువ్వుల వాసన చెప్పే పని

నవంబరు 3, మంగళవారం

ఇవాళ మా అమ్మాయి స్టవ్ వెలిగించింది. ఒకసారి రాస్తే తనివి తీరలేదు, ఇంకోసారి రాసుకుంటున్నాను. ఇవాళ మా అమ్మాయి స్టవ్ వెలిగించింది.

ఏడు నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ దాని ముక్కునీ నాలుకనీ మూటగట్టుకుపోయింది. అల్లం కొరికినా, నిమ్మచెక్క నాకినా, తడి అట్టముక్క నమిలినట్టే ఉంటుందట. డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టండి అన్నాడు. ఇంకెవరైనా అయితే సర్దుకుపోయేవాళ్ళు. మా అమ్మాయి వంటమనిషి. మార్కెట్ వీధి నూడుల్స్ కొట్టులో పదహారేళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి. వాసన తెలియని వంటమనిషి ఎవరికి కావాలని తనే అనుకుని, పని మానేసి, అద్దె గది ఖాళీ చేసి, పెట్టె పట్టుకుని నా ఇంటికి వచ్చింది. వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజుల సంగతి ముందు పేజీల్లో రాసుకున్నాను, మళ్ళీ రాయను.

నిన్న కొట్టు యజమానురాలు కబురు పంపింది. నెలాఖరు దాకా దాని చోటు అలాగే ఉంచుతుందట. ఈలోగా వచ్చి నువ్వుల నూడుల్స్ వండి పెట్టమంది. తిని చూసి, సరిగ్గా ఉంటే పనిలోకి రమ్మంటుంది. లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటుంది. ముక్కుసూటి మనిషి అని మా అమ్మాయి ఎప్పుడూ అంటుంది.

"చేతికి గుర్తుంటుంది నాన్నా. అన్నీ తూకం వేసి చేస్తాను. ముక్కు అవసరం రాకపోవచ్చు," అంది.

"రాదు తల్లీ, నీ చేతికి ముక్కెందుకు," అన్నాను.

గిన్నెడు నీళ్ళు పెట్టి, మరిగేదాకా చూసి, ఆపేసింది. అంతే. నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

నవంబరు 5, గురువారం

జపాన్ వాళ్ళ లావు నూడుల్స్ ఇవి. సన్నగా దారాల్లా ఉండవు, నేను రిజిస్టర్ల వెన్నుకి కట్టే నాడాల్లా ఉంటాయి. మైదాలో ఉప్పునీళ్ళు పోసి కలిపితే పిండి రాయిలా తయారైంది. అమ్మాయి దాన్ని దళసరి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నేల మీద గుడ్డ పరిచి, మధ్యలో ఉంచి, "ఎక్కు నాన్నా," అంది.

"ఎక్కడమేంటే?"

"కాళ్ళతో తొక్కాలి. అక్కడ వాళ్ళు అలాగే చేస్తారు."

"తినేదాని మీద కాలు పెట్టమంటావా? నలభై నాలుగేళ్ళు బైండింగ్ చేశాను, కాగితానికి కాలు తగలనివ్వని వాణ్ణి."

"ఇది కాగితం కాదు, పిండి. మధ్యలో సంచీ కూడా ఉంది. నా ఒంట్లో ఇంకా ఓపిక రాలేదు. ఎక్కుతావా, పక్కింటివాళ్ళని పిలవమంటావా?"

కాళ్ళు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని ఎక్కాను. గోడ పట్టుకుని, మడమలతో, మధ్య నుంచి అంచులకి తొక్కాలి. పల్చగా పరుచుకోగానే తీసి, నాలుగు మడతలు వేసి, మళ్ళీ తొక్కాలి. మడత వేయడం నాకు నేర్పాలా? అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా రాకుండా వేశాను. నాలుగో విడతకి కాళ్ళ కింద రాయి కాస్తా చెవి తమ్మెలా అయింది. ఎంత ఆశ్చర్యం. డెబ్భై రెండేళ్ళు వచ్చాక నా కాళ్ళకి ఒక విద్య వచ్చింది.

తొక్కుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "మడమ, మడమ, వేళ్ళు కాదు," అని గదమాయిస్తూ ఉంది. గదమాయించింది. నన్ను.

నవంబరు 8, ఆదివారం

నవ్వింది. నవ్వింది. నవ్వింది.

సంగతేమిటంటే, టోఫూ అని తెచ్చుకున్నాం. సోయా పాలు విరగ్గొట్టి గట్టిపరిచిన తెల్లటి గడ్డ, ముట్టుకుంటే వణుకుతుంది. వేయించే ముందు అందులో నీళ్ళు పోవాలి. "రెండు పలకల మధ్య పెట్టి పైన కాస్త బరువు పెట్టు నాన్నా," అని స్నానానికి వెళ్ళింది. బరువు కోసం వెతకడం దేనికి, మూలన పుస్తకాలు నొక్కే నా ఇనప మర ఉంది కదా అనుకున్నాను. పని మానేసిన రోజు ప్రెస్సు యజమాని ఇచ్చిన పాత మర అది. శుభ్రంగా తుడిచి, పలకల మధ్య గడ్డ పెట్టి, చక్రం తిప్పాను. ఆరు వందల పేజీల రిజిస్టరుకి ఎన్ని తిప్పులు తిప్పాలో నా చేతికి తెలుసు. అలాగే తిప్పింది. చెయ్యి చెయ్యే, దానికి టోఫూ ఎక్కడ తెలుసు.

తల తుడుచుకుంటూ వచ్చి, మర విప్పి, లోపల ఉన్న పల్చటి తెల్ల రేకుని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో చూసింది.

"దీనికి అట్ట వేసి, వెన్ను మీద పేరు కూడా వేయించు నాన్నా."

అని నవ్వింది. గోడకి ఆనుకుని మరీ నవ్వింది. ఆ గడ్డ పోతే పోయింది, వంద గడ్డలు నొక్కమన్నా నొక్కుతాను.

రెండో గడ్డకి సగం తిప్పు, పావుగంట ఆగి ఇంకో సగం తిప్పు. అది మాత్రం అమోఘంగా వచ్చింది. అంచులు ఎలా ఉన్నాయంటే, పుస్తకంలాగే ఉన్నాయి.

నవంబరు 10, మంగళవారం

మొత్తం వంట చేసింది. నువ్వులు వేయించి, లోపల గీతలున్న మట్టిగిన్నెలో నూరి, సోయా సాస్, కాస్త పంచదార, అల్లం రసం, ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్ళు కలిపింది. అన్నీ చిన్న తక్కెడలో తూచింది. నూడుల్స్ ఉడికించి, చన్నీళ్ళలో జాడించి, పైన ఆ నువ్వుల పులుసు పోసి, బంగారు రంగులో వేయించిన టోఫూ ముక్కలు పేర్చి, ఉల్లికాడలు చల్లి నా ముందు పెట్టింది. చూస్తే కళ్ళు చెమర్చాయి.

నువ్వులు నేను కొన్నవే. అల్మారా పైన డబ్బాలో ఉన్నాయి. ఎండాకాలం రాకముందు తెచ్చినట్టున్నాను.

"తాజావేనా నాన్నా?" అని అడిగింది.

"తాజావే తల్లీ," అన్నాను.

డబ్బా మూత తీసినప్పుడు కొంచెం పాత నూనె సీసా వాసన వచ్చిన మాట నిజమే. వేయిస్తే పోతుందిలే అనుకున్నాను. తినేటప్పుడు కూడా నాలుక వెనకాల ఏదో పట్టినట్టుంది. విదేశీ వంట, దాని తీరు దానిది. మనకి అలవాటు లేక అలా అనిపిస్తుంది.

"ఎలా ఉంది నాన్నా?"

"అద్భుతం. ఇంత బాగా నువ్వెప్పుడూ చేయలేదు. జ్వరానికి ముందు కూడా చేయలేదు."

దాని ముఖం చూడాలి అప్పుడు. గిన్నె ఖాళీ చేసి చూపించాను. తర్వాత ఊరికే ఒక లవంగం నోట్లో వేసుకున్నాను.

గురువారమే కొట్టుకి వెళ్తానంది. నా మాటతో ధైర్యం వచ్చిందట. నా మాటతో.

నవంబరు 12, గురువారం, పొద్దున్నే

పిండి నేనే తొక్కి ఇచ్చాను. టోఫూ నేనే నొక్కి ఇచ్చాను. నువ్వుల డబ్బా గుడ్డసంచిలో పెట్టుకుంది. అక్కడి సరుకు వద్దట, చేతికి అలవాటైన సరుకే కావాలట. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూసింది. ఇక పనిలో చేరినట్టే. సాయంత్రం వచ్చాక అంతా రాస్తాను, పేజీలు చాలవు.

నవంబరు 13, శుక్రవారం

రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 14, శనివారం

తలుపు తీయడం లేదు. టీ గుమ్మం దగ్గర పెట్టాను. చల్లారిపోయాక తీసుకుంది.

ఆ యజమానురాలికి కళ్ళు నెత్తికెక్కాయి. పదహారేళ్ళు చాకిరీ చేయించుకుని ఒక్క ముద్దతో తేల్చేస్తుందా? బాగానే ఉంది వంట. నేను తిన్నానుగా. గిన్నెడు తిన్నాను.

బాగానే ఉంది.

నవంబరు 15, ఆదివారం

మా చెల్లెలు వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, మాట కూడా ఇంజెక్షన్‌లాగే పొడుస్తుంది. వస్తూనే వంటింట్లోకి వెళ్ళి, మంగళవారం మిగిలిన నువ్వుల ముద్ద ఫ్రిజ్‌లో ఉంటే వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. వెంటనే సింకులో ఊసింది.

"కనరు అన్నయ్యా. పచ్చి కనరు. ఈ నువ్వులు ఏ కాలం నాటివి?"

"మెల్లగా అనవే."

"మెల్లగా అంటే కనరు పోతుందా? ఇది నీకు తెలియలేదూ? జిగురు మాడితే మూడు గదుల అవతల నుంచి పసిగట్టే ముక్కు నీది."

వెనక్కి తిరిగి చూస్తే అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత గది దాటి వచ్చింది.

"నీకు తెలిసిందా నాన్నా?"

కాళ్ళకేసి చూసుకున్నాను.

"ఆవిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని రుమాల్లో ఊసేసింది," అంది అమ్మాయి. గొంతు పెంచలేదు, మామూలుగానే చెప్పింది. "ఎవరైనా రుచి చూశారా అని అడిగింది. మా నాన్న చూశాడన్నాను. ఏమన్నాడు అంది. ఇంత బాగా ఎప్పుడూ చేయలేదన్నాడని చెప్పాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, మంచినీళ్ళు తాగింది. నాకు అర్థం కాలేదు నాన్నా. దారి పొడుగునా ఆలోచించాను, ఏది తప్పిందో. తూకాలన్నీ మళ్ళీ లెక్క చూసుకున్నాను. చెయ్యి కూడా పోయిందనుకున్నాను."

"తల్లీ..."

"నువ్వు బాగుందన్నావు కాబట్టే తీసుకెళ్ళాను."

మా చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ నాన్న మాట నమ్మావంటే నీదే తప్పు. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన మాట వినేదా? భోజనాలయ్యాక లవంగాల డబ్బా చూసేది. లవంగం తీశాడంటే కూర పోయినట్టే."

అమ్మాయి లవంగాల డబ్బాకేసి చూసింది. నాకేసి చూసింది. గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వేసుకోలేదు.

కనరు నాకు తెలుసు. ఇక్కడైనా రాసుకోవాలి. మూత తీయగానే తెలుసు.

నవంబరు 16, సోమవారం

ప్రెస్సులో మా మేస్త్రీ ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. వెన్ను వంకరగా ఉంటే పుస్తకం గది అవతలికి విసిరేవాడు. ఏరుకొచ్చి, కుట్లు విప్పి, మళ్ళీ కుట్టేవాణ్ణి. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, నా ఇంట్లో ఎవరి పనికీ వంక పెట్టనని. బయట లోకం ఎలాగూ పెడుతుంది. ఇంట్లో ఒక్కడైనా మెచ్చుకునేవాడు ఉండాలి కదా.

ఆయన విసిరిన పుస్తకాల వల్లే నాకు పని వచ్చింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

నవంబరు 17, మంగళవారం

అమ్మాయికి చెప్పకుండా మార్కెట్ వీధికి వెళ్ళాను. మధ్యాహ్నం రద్దీ తగ్గేదాకా ఎదురుగా మందుల షాపు మెట్ల మీద కూర్చున్నాను. యజమానురాలు బల్లలు తుడుస్తూ ఉంది. పొట్టి మనిషి, జుట్టు పూర్తిగా తెలుపు, చేతులు మాత్రం మగవాడి చేతులు. ఫలానా అమ్మాయి తండ్రినని చెప్పాను.

"మీరేనా ఆ రుచి చూసింది," అంది.

"నేనేనమ్మా. నువ్వులు నేను కొన్నవే. పాడయ్యాయని నాకు తెలుసు. అమ్మాయి తప్పేం లేదు. అది ఎంత పనిమంతురాలంటే, అసలు చిన్నప్పటి నుంచీ..."

"తప్పు ఒప్పుకోవడానికి వచ్చారా, కూతుర్ని పొగడటానికి వచ్చారా?"

ఆవిడ గుడ్డ పిండి, మడిచి, బల్ల అంచు మీద వేసింది.

"నూడుల్స్ సరిగ్గా ఉన్నాయి. టోఫూ సరిగ్గా ఉంది, నా దగ్గర పనివాళ్ళెవరూ అంత చక్కగా నొక్కరు. ఆ పిల్ల చేతిలో లోపం లేదండీ. కానీ రోజుకో సరుకు వస్తుంది. ఒక రోజు అల్లం ఘాటు, ఒక రోజు చప్పన. నువ్వులు బస్తాకో రకం. తూకం దాన్ని పట్టుకోలేదు. పక్కన ఒక ముక్కు ఉండాలి. అబద్ధం చెప్పని ముక్కు."

"అయితే ఇక..."

"నెలాఖరు దాకా అన్నాను. ఇంకా నెలాఖరు రాలేదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

దారిలో తాజా నువ్వులు కొన్నాను. కొట్టువాడి ముందే సంచిలో ముక్కు పెట్టి చూసి మరీ కొన్నాను. వాడు విచిత్రంగా చూశాడు. చూడనీ.

నవంబరు 18, బుధవారం

"నేనుంటాను నీ పక్కన. నా ముక్కు నీకిస్తాను," అని చెప్పాను. ఎంతో గొప్పగా చెప్పాననుకున్నాను.

"నీ ముక్కు మంచిదే నాన్నా. నోరే మంచిది కాదు," అంది.

నిజమే కదా.

తర్వాత వచ్చి షరతు పెట్టింది. ఈ ఇంట్లో నెలాఖరు దాకా మెచ్చుకోలు నిషేధం. ప్రతి గిన్నెకీ కనీసం ఒక తప్పు చెప్పాలి. ఏది ఎక్కువ, ఏది తక్కువ, నాలుకకి ముందు ఏది తగిలింది, ఏది చివరిదాకా ఉండిపోయింది, అన్నీ చెప్పాలి.

"తప్పు లేకపోతే?"

"ఉంటుంది. వెతుకు."

లవంగాల డబ్బా తీసుకెళ్ళి తన పెట్టెలో పెట్టుకుంది.

నవంబరు 20, శుక్రవారం

పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. పొద్దున స్పూను పట్టుకుని అలా కూర్చుండిపోయాను. అది ఎదురుగా కూర్చుని నా నోటికేసే చూస్తోంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఆ కాకిని పట్టుకొచ్చి పిల్లలో వంక వెతకమంటే ఏం చేస్తుంది?

చివరికి, "ఉల్లికాడలు కొంచెం పెద్దగా తరిగావేమో," అన్నాను.

"అది కంటికి తెలిసేది. నాకూ తెలుసు. ముక్కుకి తెలిసింది చెప్పు."

సాయంత్రం గిన్నె నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. కళ్ళు మూసుకుని చెప్పేశాను. "నువ్వులు మాడలేదు కానీ మాడబోయాయి. మైదా జిగురు అడుగంటడానికి ఒక్క క్షణం ముందు ఒక వాసన వస్తుంది, అదే ఇది."

తిట్టినట్టయింది నాకు. కళ్ళు తెరిచి చూద్దును కదా, మా అమ్మాయి ముఖం వెలిగిపోతోంది.

"ఎంతసేపు ముందు? ఎన్ని సెకన్లు?"

"ఇరవై ఉండొచ్చు."

లేచి వెళ్ళి, మళ్ళీ నువ్వులు పోసి, ఇరవై సెకన్లు ముందే దింపింది. నలభై ఏళ్ళు పొగిడాను దాన్ని. ఒక్కసారి కూడా ముఖం అలా వెలగలేదు.

నవంబరు 22, ఆదివారం

ఇవాళ్టి తప్పులు: సోయా సాస్ ముందు తగిలి నువ్వులు వెనకబడ్డాయి. సిరా ఎక్కువైన అచ్చులాగా. పంచదార చిటికెడు తగ్గాలి. పిండి తొక్కడం ఒక విడత తక్కువైంది, ఆ తప్పు నాది.

మా చెల్లెలు వచ్చి తిని, నేను తప్పులు చెబుతుంటే నా నుదురు పట్టుకుని చూసింది. "జ్వరమేం లేదే," అంది.

నవంబరు 24, మంగళవారం

దానికి వాసన వస్తోందని నా అనుమానం. నువ్వులు వేయించేటప్పుడు గట్టిగా గాలి పీల్చింది. రెండుసార్లు పీల్చింది. వచ్చే ఉంటుంది, బయటపడటం లేదు.

నవంబరు 25, బుధవారం

అడిగాను. రాలేదంది. పొగకి తుమ్ము వచ్చిందట.

"నువ్వు ప్రతి పూటా నా ముక్కుకేసి చూడొద్దు నాన్నా. వస్తే నీకే ముందు చెబుతాను. రాకపోయినా నేను వండాలి కదా."

సరేనన్నాను. రాకపోయినా వండాలి అంది. వింటున్నావా పుస్తకమా, రాకపోయినా వండుతానంటోంది. ఏడు నెలలు గోడకేసి చూసిన మనిషి. ఇంతకన్నా నాకేం కావాలి.

ఇప్పుడది చెవులతో వండుతోంది. నువ్వులు చిటపటలాడటం మొదలై, జోరందుకుని, సన్నగిల్లే చోట చెయ్యి పెట్టి ఆపుతుంది. నూడుల్ తీసి రెండు వేళ్ళతో నులిమి ఉడుకు చూస్తుంది. టోఫూ నూనెలో వేస్తే వచ్చే చప్పుడు బట్టి తడి ఎంతుందో చెబుతుంది. నేను చెప్పాల్సిన తప్పులు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. వెతుక్కోవాల్సి వస్తోంది.

నవంబరు 28, శనివారం

సోమవారం రమ్మని యజమానురాలు కబురు చేసింది. ఈసారి కొట్టులోని సరుకుతోనే చేయాలట, ఇంటి సరుకు తేకూడదట. నన్ను కూడా రమ్మంది. వస్తే మాట్లాడకుండా స్టూలు మీద కూర్చోవాలని అమ్మాయి చెప్పింది. రుచి చూసినప్పుడు మాత్రమే మాట్లాడాలి.



నవంబరు 30, సోమవారం

అంతా వరసగా రాయాలి. చెయ్యి తొందరపడుతోంది.

కొట్టు వంటగది ఇరుకు. మూడు పొయ్యిలు, ఒక పొడుగు బల్ల, పైన కొక్కేలకి గరిటెలు. మా అమ్మాయి లోపలికి అడుగుపెట్టి, చూడకుండానే చెయ్యి చాచి తన గరిటె అందుకుంది. ఎవరూ తీయలేదు దాన్ని, అక్కడే ఉంది. యజమానురాలు ఒక మూల చేతులు కట్టుకుని నిలబడింది. నేను స్టూలు మీద.

పిండి ముందే తొక్కి ఉంచారు. కోసింది. ఉడికించింది. కొత్త బస్తా నువ్వులు వేయించి నూరింది. అల్లం తురిమి పిండి, ఆ రసం తూచి పోసింది. గిన్నె తయారైంది. తెల్లటి నూడుల్స్ మీద నువ్వుల పులుసు, పక్కన టోఫూ, ఎంత ముచ్చటగా ఉందో. నా ముందు పెట్టింది. నా తర్వాత ఆవిడ తినాలి.

తిన్నాను.

అల్లం. ముందు అల్లం, మధ్యలో అల్లం, చివర అల్లం. చెడ్డగా లేదు. తినేవాళ్ళు తినేస్తారు. నువ్వులు మాత్రం తలుపు వెనకాల నిలబడ్డట్టు ఉన్నాయి. ఇంట్లో అల్లం లేత అల్లం, ఇక్కడిది ముదురు, అదే తూకం పోసింది. మా అమ్మాయి నా నోటికేసి చూస్తోంది. అవతల ఆవిడ నా కళ్ళకేసి చూస్తోంది. ఆవిడ ముందు నా కూతురి వంటకి వంక పెట్టాలి. ఆవిడకి ఇది తెలియకపోతే? ఒక్క మాట మింగేస్తే ఉద్యోగం వచ్చేస్తుందేమో. ఆ ఒక్క క్షణం ఎంత పొడుగుందో ఎలా రాయను. మాట గొంతులో ఉంది, తియ్యటి మాట, నలభై ఏళ్ళ అలవాటు.

"ఇది పెట్టొద్దు తల్లీ. అల్లం నువ్వుల్ని కప్పేసింది. మళ్ళీ చెయ్యి," అన్నాను.

మా అమ్మాయి ఎంత అని మాత్రం అడిగింది. సగానికి తగ్గించమన్నాను. గిన్నె పక్కకి జరిపి, మళ్ళీ నువ్వులు తూచడం మొదలుపెట్టింది.

అప్పుడు యజమానురాలు మూల నుంచి కదిలి వచ్చింది. పక్కకి జరిపిన గిన్నె తీసుకుని ఒక ముద్ద తింది. నమిలింది. ఇంకో ముద్ద తింది. రెండో గిన్నె వచ్చేదాకా అలాగే నిలబడింది.

రెండోది నేను తిన్నాను. తప్పు వెతికాను, ఒట్టు, నిజంగా వెతికాను. "టోఫూ అంచుల్లో ఉప్పు ఒక రవ్వ తక్కువ," అన్నాను. ఆవిడ ఆ గిన్నె తీసుకుని బల్ల దగ్గర కూర్చుని తినడం మొదలుపెట్టింది. మొత్తం తింది. మాట్లాడకుండా, మధ్యలో నీళ్ళు తాగకుండా, చివర గిన్నె ఎత్తి పులుసు తాగి మరీ తింది. నేనూ మా అమ్మాయీ బడిపిల్లల్లా నిలబడి చూశాం.

మూతి తుడుచుకుని, "మొదటి గిన్నె నేను మార్కులేసి పాస్ చేసేదాన్ని," అంది నాతో. "మీరు ఆపారు." తర్వాత మా అమ్మాయివైపు తిరిగి, "పదిన్నరకి తెరుస్తాం, నీకు తెలుసుగా. ఎనిమిదింటికల్లా వచ్చెయ్. ఈయన్నీ తీసుకురా, స్టూలుకి దిండు వేయిస్తాను. పెద్దాయనా, పిండి కూడా తొక్కుతారట?"

"తొక్కుతానమ్మా," అన్నాను. ఇంకా బోలెడు అనాలనిపించింది. అనలేదు. అది నాకెంత కష్టమైన పనో ఆ వంటగదిలో ఒక్క మా అమ్మాయికే తెలుసు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఏడుస్తోందేమోనని చూశాను, లేదు.

"నిజంగా అల్లం ఎక్కువైందా, ఆవిడ ముందు గొప్పకి అన్నావా?"

"నిజంగానే."

"ఎలా ఉంది? సరిగ్గా చెప్పు."

చెప్పాను. ముదురు అల్లం ముందు మూతిని కాలుస్తుంది, తర్వాత ముక్కులోకి ఎక్కుతుంది, చెవుల వెనక వెచ్చబడుతుంది అని. అది కళ్ళు మూసుకుని వింది.

"ఇప్పుడు రెండో గిన్నె."

చెప్పాను. ముందు నువ్వులు వస్తాయి, ఎండలో ఆరేసిన కొత్త గుడ్డలాంటి వాసనతో. అల్లం వాటి వెనకాలే వచ్చి, ఇదిగో నేనున్నానని తలుపు కొట్టి వెళ్ళిపోతుంది. చివర నాలుక మీద నువ్వులే మిగులుతాయి, చాలాసేపు మిగులుతాయి.

"ఇంకా?"

మా స్టాపు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. అది భోంచేస్తున్నట్టు వింటూనే ఉంది. దిగబోతూ, "ఆ టోఫూ ఉప్పు సంగతి మళ్ళీ చెప్పు," అంది.

డిసెంబరు 1, మంగళవారం, పొద్దున్న ఏడు

గోళ్ళు తీసుకున్నాను. కాళ్ళు మూడుసార్లు కడుక్కున్నాను. అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి పిలుస్తోంది, పనికి ఆలస్యమవుతోందట.